నా చేత్తో పెట్టను

సుబ్బులుకు ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో అది వేసిన ఒట్లకు లెక్కలేదు, తప్పిన ఒట్లకూ లెక్కలేదు. బలపం కొరకనని ఒట్టు, గోడల మీద బొగ్గుతో గీయనని ఒట్టు, పక్కపిల్ల జడ లాగనని ఒట్టు. అవన్నీ ఏ పుస్తకం మీదో, పలక మీదో వేసినవి. పలకకు ప్రాణం లేదు కనుక దానికేమీ కాలేదు. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు మాత్రం దాని జన్మలో ఒక్కటే. అది తప్పితే ఏమవుతుందో చిక్కడపల్లి బడిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. అమ్మ తల పగిలి చచ్చిపోతుంది.

ఆ ఒట్టు ఆదిలక్ష్మే వేయించుకుంది. పెద్దవాళ్ళకు పిల్లలను బెదిరించడమంత సులువైన పని ఇంకొకటి ఉండదు. నిజం చెప్పాలంటే ముందు తమకు అర్థం కావాలి, ఓపిక కావాలి. బెదిరించడానికి అవేవీ అక్కర్లేదు. అయినా ఆదిలక్ష్మిని తిట్టడానికి నాకు నోరు రాదు. అప్పటికి మూడు నెలలుగా ఆవిడ సరిగా ఊపిరి తీసుకున్నది లేదు.

పెద్దకూతురు రత్నమాలకు పదకొండేళ్ళు. సంక్రాంతి ముందు ఆ పిల్ల చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది, తాగినదంతా దొడ్లో పోసి వచ్చేది. తిన్న తిండి ఏమవుతోందో తెలియకుండా పుల్లలా అయిపోయింది. దొడ్లో తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. ఒకరోజు పొద్దున లేపితే లేవలేదు. ఆసుపత్రిలో మూడు వారాలుండి, గాజు సిరంజీ ఉన్న స్టీలు డబ్బాతోనూ, ఇన్సులిన్ అనే మందు సీసాతోనూ ఇంటికి వచ్చింది. ఇకనుంచి రోజూ పొద్దున్నే సూది పొడవాలని, బతికినంతకాలం పొడుస్తూనే ఉండాలని అశోక్ నగర్ డాక్టరు వీరరాఘవరావు చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. సూది వేసిన అరగంటలో తిండి పెట్టాలన్నాడు. చెమటలు పట్టి వణికితే వెంటనే పంచదార నోట్లో వెయ్యమన్నాడు. పంచదార రోగానికి పంచదార వెయ్యమనడమేమిటి, ఆయన ఏదో పరధ్యానంలో అన్నాడనుకుని ఆదిలక్ష్మి ఆ చివరిమాట అక్కడే వదిలేసి వచ్చింది.

ఇంటికి వచ్చాక చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అక్క ఒంట్లో పంచదార విషమైపోయిందే. సూదిలో మందు పొద్దున్నే లోపలికెళ్ళి ఆ విషాన్ని చంపుతుంది. మళ్ళీ ఎవరైనా తీపి పెట్టారనుకో, అక్క నిద్రపోయి లేవదు. అర్థమైందా?"

అర్థమైంది. ఎంత బాగా అర్థమైందంటే, ఆ రోజు నుంచి సుబ్బులు ఎక్కడైనా ఒక బిస్కట్టు తింటే మోచేతుల దాకా కడుక్కుని గాని అక్కను ముట్టుకునేది కాదు. ఇంట్లో పంచదార డబ్బా, బెల్లం కుండా రెండూ వీధి దాటి వెళ్ళిపోయాయి. ఆదిలక్ష్మి చప్పటి కాఫీ మొహం చిట్లించుకుని తాగేది. నాన్న జగన్నాథరావు అదీ మానేశాడు.

శ్రీరామనవమినాడు రత్నమాల పానకం కావాలని కడుపు పట్టుకుని నేల మీద దొర్లింది. ప్రాణం పోతోందని అరిచింది. తీరా చూస్తే కడుపునొప్పీ లేదు, ఏమీ లేదు, ఉత్త నాటకం. ఆదిలక్ష్మి దాన్నొక దెబ్బ వేసి, తనూ ఏడ్చి, ఆ ఏడుపులోనే సుబ్బులు చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"అను. అక్క ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా, నా చేత్తో తీపి పెట్టను."

"అక్క ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా, నా చేత్తో తీపి పెట్టను," అంది సుబ్బులు. అరచేతి కింద అమ్మ పాపిట వెచ్చగా ఉంది.

ఇక ఆ అరవైతొమ్మిది జూన్ నెల సంగతి. ఊళ్ళో గొడవలు. తెలంగాణ వేరుగా కావాలని ఊరేగింపులు, రాళ్ళు, లాఠీలు, కర్ఫ్యూలు. బళ్ళు ఎప్పుడో మూసేశారు. వీళ్ళది గుంటూరు వైపు. ఇంటివాళ్ళు నాలుగు తరాలుగా ఇక్కడివాళ్ళు. ముందు వాటాలో వాళ్ళు, వెనక వాటాలో వీళ్ళు, మధ్యన ఒక వాకిలి. ఇంటావిడ సులోచన కొడుకు కూడా ఊరేగింపులకు వెళ్ళేవాడు. రెండు వాటాల మధ్యా ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు గాని, పప్పూ పచ్చడీ ఇచ్చిపుచ్చుకోవడం దానంతటదే ఆగిపోయింది. "వాకిలి దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని సుబ్బులుకు ఇంకో ఆజ్ఞ వచ్చింది. పైగా జగన్నాథరావు ఆఫీసు పని మీద గుంటూరు వెళ్ళి, రైళ్ళు లేక అక్కడే ఇరుక్కుపోయాడు.

ఆ పొద్దున ఆదిలక్ష్మి పంపు స్టవ్వు మీద సిరంజీ ఉడకబెట్టింది. కూజా పక్కన తడి ఇసుకలో ఉంచిన సీసా తీసి, మందు ఎక్కించి, రత్నమాల తొడకు సూది వేసింది. ఏడున్నర అయింది. ఉప్మాకు ఎసరు పెట్టింది. నీళ్ళు కాగకముందే స్టవ్వు బుస్సుమని ఆరిపోయింది. పంపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. స్టవ్వును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల చుక్క కిరసనాయిలు లేదు. బొగ్గులు క్రితం రోజే అయిపోయాయి. పాలవాడు వచ్చి మూడు రోజులు. రాత్రి అన్నం మెతుకు మిగల్లేదు.

ఎనిమిది నుంచి పదింటిదాకా కర్ఫ్యూ సడలింపు. ఆదిలక్ష్మి ఖాళీ సీసా తీసుకుని చెప్పులు వేసుకుంది.

"నారాయణగూడ దాకా వెళ్ళి కిరసనాయిలు తెస్తాను. చిటికెలో వస్తాను. ఇద్దరూ గడప దాటకండి."

"అమ్మా, ఆకలేస్తోంది," అంది రత్నమాల.

"కాస్త ఓర్చుకో తల్లీ. తినకపోతే నీకు మంచిదే, ఒంట్లో పంచదార తగ్గుతుంది," అని ఆవిడ వెళ్ళిపోయింది. నమ్మే అంది.

కాసేపు ఇద్దరూ గవ్వలాడారు. రత్నమాల ఊరికే విసుక్కుంటోంది. తను తప్పు లెక్కపెట్టి సుబ్బులును తొండి అంది. గవ్వలు విసిరికొట్టింది. తరవాత గోడకు ఆనుకుని కూర్చుంది. పై పెదవి మీద చెమట బొట్లు నిలిచాయి. ఎండాకాలం చెమటే అనుకోవడానికి లేదు, చేతులు చల్లగా ఉన్నాయి.

"సుబ్బులూ, పంచదార తేవే."

అమ్మ చెప్పిన రోజు వచ్చింది.

"తేను."

"ఒసే, నాటకం కాదే. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఇలా వణుకొస్తే పంచదార తినాలని. చూడు నా చేతులు."

చూసింది. చేతులు వణుకుతున్నాయి. పానకం రోజునా అచ్చంగా ఇలాగే వణికాయి, కాళ్ళు కూడా కొట్టుకుంది. సుబ్బులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

"నువ్వు బతిమాలతావని అమ్మ ముందే చెప్పింది. నేను ఇవ్వను."

రత్నమాల తిట్టింది. తరవాత ఏడ్చింది. దణ్ణం పెట్టింది. అమ్మ చెప్పిన వరసలోనే అన్నీ జరుగుతుంటే సుబ్బులుకు భయం రెట్టింపయింది. చెవులు మూసుకుని, రామ రామ అనుకుంటూ గట్టిగా కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి ఏడుపు ఆగిపోయింది. అదే దానికి నచ్చలేదు.

రత్నమాల జాకెట్టు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మొహం సున్నం రంగుకు తిరిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని, ఎదురుగా ఉన్న చెల్లెలిని చూడడం లేదు.

"టీచర్, నేను లెక్క చేశాను టీచర్," అంది ముద్దముద్దగా.

"అక్కా, నేను సుబ్బులునే."

"నీళ్ళలో గేదె పడింది," అంది రత్నమాల. తరవాత పక్కకు ఒరిగిపోయింది.

నాటకమాడేవాళ్ళు మధ్యమధ్య ఒక కంటితో చూస్తారు. సుబ్బులు తను ఆడిన ప్రతి నాటకంలోనూ అలాగే చూసింది. అక్క చూడడం లేదు. ఇది నాటకం కాదని దానికి అప్పుడు తెలిసింది. పంచదార పెడితే అమ్మ చచ్చిపోతుంది. పెట్టకపోతే అక్క చచ్చిపోయేట్టుంది. ఏడేళ్ళ పిల్ల ముందు ఎవరూ పెట్టకూడని లెక్క అది. గడప దగ్గరికి వెళ్ళి "అమ్మా" అని అరిచింది. వీధిలోంచి పరుగుల చప్పుడు తప్ప జవాబు రాలేదు. నారాయణగూడ వైపు ఏదో ఢామ్మని పేలింది.

అమ్మ కాళ్ళు విరగ్గొట్టాలంటే ముందు బతికి ఉండాలి గదా. సుబ్బులు వాకిలి దాటింది.

సులోచన అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చాట దించింది.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరికొస్తున్నవ్? మీ అమ్మ ఏడికి వోయింది?"

"కిరసనాయిలుకి. కొంచెం పంచదార పెట్టమంది... అమ్మ అడిగి తెమ్మంది."

రత్నమాలకు తీపి ఇవ్వొద్దని ఆదిలక్ష్మి ఈవిడకూ చేతులు పట్టుకుని మరీ చెప్పి ఉంది. నిజం చెబితే ఇవ్వదని సుబ్బులుకు తెలుసు. అబద్ధం కూడా ఇవాళే రావాలా అనుకుంది.

"షక్కరా? ఇన్ని దినాలకు మా ఇల్లు యాదికొచ్చిందా మీ అమ్మకు?" అంటూనే సులోచన లోపలికి వెళ్ళి గ్లాసు నిండా పోసుకొచ్చింది. "జర నిమ్మళంగ పో, ఒలుకుతది. ఎందుకట్ల వణుకుతున్నవే?"

సుబ్బులు గ్లాసు పట్టుకుని పరుగెత్తింది.

ఇంట్లోకి వచ్చి అక్క ముందు గొంతుక్కూర్చుంది. నా చేత్తో పెట్టను అనే కదా అంది. అక్క చేత్తో అక్కే తింటే ఒట్టు తప్పినట్టు కాదు. గ్లాసు అక్క చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. వేళ్ళు తెరుచుకుని గ్లాసు జారిపోయింది. పంచదార నేలంతా చిందింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"తీసుకోవే అక్కా, నీ చేత్తో తీసుకోవే," అని బతిమాలింది. ఇప్పుడు బతిమాలే వంతు దానిది.

రత్నమాల గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. సుబ్బులు నేల మీది పంచదార మూడువేళ్ళతో తీసింది. కళ్ళు మూసుకుంది. అమ్మ పాపిట కనిపించింది. కళ్ళు తెరిచి, అక్క పెదాలు విడదీసి, బుగ్గ లోపలికి ఆ పంచదార రుద్దింది. తన చేత్తోనే పెట్టింది. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. మొదటిది చొంగతో బయటికి వచ్చేసింది. రెండోదానికి నాలుక కదిలింది. మూడోదాన్ని రత్నమాల మింగింది.

సులోచనకు మనసు ఊరుకోక వెనకే వచ్చింది. గడపలో నిలబడి "అయ్యో, షక్కర వెడుతున్నవా బిడ్డా! వద్దంటది గద మీ అమ్మ!" అని కేక వేసింది. సుబ్బులు ఆగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సులోచన వచ్చి రత్నమాల తల తన ఒళ్ళో పెట్టుకుని కొంగుతో చెమట తుడిచింది. పది నిమిషాలు గడిచాయో పావుగంట గడిచిందో, రత్నమాల కళ్ళు తిప్పి పైకి చూసింది.

"సులోచనత్తయ్యా, మీరెప్పుడొచ్చారు?" అంది.

సులోచన ఏడ్చింది. తన వాటాలోంచి రెండు జొన్నరొట్టెలు, పప్పు తెచ్చి ఆ పిల్ల చేత తినిపించింది. ఇంత జరిగినా సుబ్బులు మొహంలో సంతోషం లేదు. అది గేటు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. అక్క బతికింది, ఇంక మిగిలింది అమ్మ. ఎక్కడ పగిలి ఉంటుంది? దుకాణం దగ్గరా? నడిరోడ్డు మీదా? ఢామ్మన్నది తను పంచదార పెట్టకముందు, కాబట్టి అది అమ్మ తల కాదు. మరి ఆ తరవాత వచ్చిన చప్పుడో? తరవాత కూడా ఒక చప్పుడు వచ్చింది. పోలీసు జీపు మైకులో అరుస్తూ పోయింది, పదింటికల్లా అందరూ ఇళ్ళలో ఉండాలని. మనుషులు సంచులు పట్టుకుని పరుగెత్తుతున్నారు. వాళ్ళలో అమ్మ లేదు.

పదికి కాస్త ముందు ఆదిలక్ష్మి సందు మలుపు తిరిగింది. చేతిలో సీసా లేదు, ఒక కాలికి చెప్పు లేదు. కొంగు ముద్దచేసి నుదుటి పైన అదిమి పట్టుకుంది. ఆ కొంగు ఎర్రగా తడిసి ఉంది.

సుబ్బులు అరిచిన అరుపుకు సులోచన రొట్టె ముక్క పడేసి పరుగెత్తుకొచ్చింది.

"నేనేనమ్మా! నేనే చేశాను! నా వల్లే పగిలిందమ్మా!" అంటూ సుబ్బులు నేల మీద పడి తల్లి కాళ్ళు పట్టుకుంది.

ఆదిలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. ఎవరు విసిరారో, ఎవరి మీదికి విసిరారో తెలియని రాయి ఒకటి వచ్చి తగిలింది. గాయం పెద్దది కాదు, నెత్తురే ఎక్కువ. తోపులాటలో ఎవరింటి కటకటాల వెనకో అరుగు మీద గంటసేపు నక్కి ఉండి వచ్చింది. ఆవిడ పిల్లను విదిలించుకుని లోపలికి వచ్చింది. నేలంతా పంచదార. రత్నమాల పెదాల మీద పంచదార. ఆవిడ చెయ్యి పైకి లేచింది.

"కొట్టకమ్మా," అంది రత్నమాల. "నేనే అడిగాను. అదివ్వనంది. నాకు వణుకొచ్చి ఏం తెలియలేదు. నర్సమ్మ చెప్పిందమ్మా, సూదేసి తినకపోతే ఇలా అవుతుందని. డాక్టరుగారు నీకూ చెప్పారంట కదా?"

లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వీరరాఘవరావు మాట, అశోక్ నగర్‌లో వదిలేసి వచ్చాననుకున్న మాట, పూర్తిగా గుర్తొచ్చింది. ఆదిలక్ష్మి అక్కడే కూలబడింది.

"షక్కర వెట్టినంకనే లేచి కూసుందమ్మా పోరి," అంది సులోచన, గాయానికి పసుపు అద్ది గుడ్డ కడుతూ. "నేనైతే వద్దనే అన్న. ఈ చిన్నది నా మాట ఇనలే."

కట్టు కట్టడం అయ్యాక ఆదిలక్ష్మి సుబ్బులును పిలిచింది. సుబ్బులు రాలేదు. తను దగ్గరికి వస్తే అమ్మకు ఇంకేమవుతుందోనని తలుపు చాటునే నిలబడింది. ఆదిలక్ష్మే లేచి వెళ్ళి, పిల్లను తెచ్చి, చల్లారిన స్టవ్వు ముందు కూర్చోబెట్టింది. ఆరు నెలలుగా తనకే అర్థం కానిది చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక స్టవ్వునే చూస్తూ కూర్చుంది.

"ఇందులో కిరసనాయిలు పోస్తాం కదా," అంది చివరికి. "పోసినంత మాత్రాన మండుతుందా?"

సుబ్బులు తల అడ్డంగా ఊపింది. "పంపు కొట్టాలి."

"ఆ. మన ఒంట్లో కూడా మనం తిన్నది పంచదారై, కిరసనాయిల్లా అందరికీ ఉంటుంది. నీకూ ఉంది, నాకూ ఉంది. అది విషం కాదే. నేను చెప్పింది తప్పు. నీ ఒంట్లో పంపు దానంతటదే కొట్టుకుంటుంది, అందుకని నువ్వు గెంతుతున్నావు. అక్క పంపు పాడైపోయింది. పంచదార ఎంతున్నా మండక, ఊరికే నిండిపోయి పొర్లిపోయేది. అప్పుడే కదా అంత చిక్కిపోయింది. ఇప్పుడు మనం సూదితో బయటినుంచి పంపు కొడుతున్నాం. ఆ మందు పేరే ఇన్సులిన్."

"మరి ఇవాళ?"

"ఇవాళ పంపు కొట్టి, కిరసనాయిలు పొయ్యకుండా వెళ్ళిపోయాను," అంది ఆదిలక్ష్మి. "అక్క ఆరిపోబోయింది."

సుబ్బులుకు అడగవలసినవి చాలా ఉన్నాయి.

"నేను బిస్కట్టు తిని అక్కని ముట్టుకుంటే?"

"ఏమీ కాదు."

"అక్క పక్కలో పడుకుంటే నాకొస్తుందా?"

"రాదు. అది అంటుకునేది కాదు."

"అయితే అక్క రోజూ లడ్డూ తినొచ్చా?"

"తినకూడదు. వేళకి అన్నం తినాలి, సూది వేసుకోవాలి. పంచదార ఇలా చెమటలు పట్టి వణికినప్పుడే. అప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగకూడదు. మింగగలుగుతుంటేనే నోట్లో వెయ్యాలి, వెంటనే పెద్దవాళ్ళను కేకెయ్యాలి."

సుబ్బులు ఇంకా దగ్గరికి జరగలేదు. కళ్ళు అమ్మ నెత్తి మీది గుడ్డ మీదే ఉన్నాయి. పసుపులోంచి ఎరుపు కొంచెం కొంచెంగా పైకి ఊరుతోంది.

"మరి ఒట్టు?"

ఆదిలక్ష్మి ఒట్లను నమ్మే మనిషి. చిన్నప్పుడు తనూ వేసింది, తప్పడానికి భయపడింది. ఉత్తదే అని కొట్టిపారేద్దామంటే నోరు రాలేదు. "ఇది రాయి తగిలి అయిందే, ఎవరో విసిరారు," అంది. ఆ మాటలో బలం లేదని తనకే తెలిసింది. తల పగులుతుందని ఒట్టు, తల పగిలి ఇంటికి వచ్చింది. ఏడేళ్ళ పిల్ల ఏది నమ్ముతుంది?

ఆవిడ ఇంక దాన్ని నమ్మించే పని మానేసింది. రేపో ఎల్లుండో మళ్ళీ కర్ఫ్యూ సడలిస్తారు, మళ్ళీ బయటికి వెళ్ళక తప్పదు. తెలుసుకోవలసింది ఒక్కటే.

"సుబ్బులూ, ఇటు చూడు. నేను ఇంట్లో లేనప్పుడు అక్కకి మళ్ళీ ఇలా అయితే ఏం చేస్తావు?"

సుబ్బులు కట్టు వైపు చూసింది. రొట్టె నములుతున్న అక్క వైపు చూసింది.

"పెడతాను," అంది. తరవాత వెక్కివెక్కి ఏడుస్తూ, "నువ్వు చచ్చిపోయినా పెడతానమ్మా," అంది.

ఆదిలక్ష్మి పిల్లను రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుంది.

"అంతే తల్లీ," అంది. "నేను చచ్చిపోయినా పెట్టు."